బాపును గుండె నొప్పితో దవాఖానలో చేర్పిస్తే పక్కనుండేవాళ్లు చేయాల్సిన పనులు

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ను కాదు. హన్మకొండలో బాపును ఛాతీ నొప్పితో చేర్పించినప్పుడు, ఆ తర్వాత మా చిన్నాయనకు, ఇంకొందరు చుట్టాలకు తోడుగా తిరిగినప్పుడు ఏది పనికొచ్చిందో, ఏది ఉత్తగా టైం తినేసిందో అదే రాస్తున్నా. ట్రీట్‌మెంట్ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. పక్కనుండేవాళ్ల పని వేరే ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. మన దగ్గర ఎవరికైనా నొప్పి అనగానే ఇంటిల్లిపాదీ ఫోన్లు అందుకుంటారు, ఎంజీఎంలో మనోళ్లెవరైనా ఉన్నారా, నక్కలగుట్టలో ఫలానా హాస్పిటల్ మేనేజర్ మీ బామ్మర్దికి తెలుసు కదా అని. ఆ తెలిసిన మనిషి వల్ల మహా అయితే బిల్లులో కొంచెం తగ్గుతుంది. అంతకంటే, ఫైలు పట్టుకుని ఒక్కచోట నిలబడే ఒక్క మనిషి, ఆ మనిషి చేతిలో ఒక నోట్‌బుక్ ఉంటే చాలా పనులు జరుగుతాయి. కింద రాసిందంతా దాదాపు ఆ మనిషి కోసమే.

గ్యాస్ అనుకుని కూర్చోవద్దు

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో పిండినట్టో నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, వీటి గురించి అందరూ వినే ఉంటారు. కానీ షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, బాగా పెద్ద వయసువాళ్లకు నొప్పి పెద్దగా లేకుండా చెమటలు, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం మాత్రమే రావచ్చు. "ఏం లేదు బిడ్డా, జర పండుకుంటే తక్కువైతది" అని అవ్వ అంటే ఆ మాట నమ్మి వదిలేయకండి.

సోడా తాగించి, ఈనో కలిపిచ్చి, వాము నమిలించి ఒక గంట చూద్దాం అనేది మన ఇళ్లలో జరిగే అసలు నష్టం. గ్యాసా గుండెనా అనేది ఇంట్లో ఎవరూ తేల్చలేరు, ఊళ్లో ఆర్ఎంపీ నాడి పట్టుకుని కూడా తేల్చలేడు, ఈసీజీ కావాలి. ఆర్ఎంపీ ఇచ్చే గ్యాస్ ఇంజెక్షన్‌కు నొప్పి తగ్గినా సరే ఈసీజీ తీయించాల్సిందే, ఎందుకంటే గుండె నొప్పి కూడా వచ్చిపోతూ ఉంటుంది.

108కి ఫోన్ చేయండి. మనిషిని బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం, మేడ మీద నుంచి మెట్లు దింపి నడిపించడం వద్దు, కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా మోయండి. ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నీళ్లతో మింగకుండా నమిలితే తొందరగా పనిచేస్తుంది, అంటే ఇంట్లో 75వి ఉంటే నాలుగు. కానీ ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో పుండు ఉండి రక్తం పడ్డవాళ్లు ఉంటారు కాబట్టి ఫోన్‌లో 108 వాళ్లను అడిగే ఇవ్వండి. పక్కింటాయన తెచ్చిన సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులు చేసే గోలీ) నాలుక కింద పెట్టడం మాత్రం చేయొద్దు, బీపీ పడిపోయి ఉంటే అది ఇంకా పడేస్తుంది. మగవాళ్లు వయాగ్రా లాంటి గోలీ ఏదైనా వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పాలి, ఆ గోలీ వేసుకున్నాక సార్బిట్రేట్ పడితే ప్రాణం మీదికి వస్తుంది. మనిషి కుప్పకూలి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూనే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా.

ఎక్కడికి తీసుకెళ్లాలి అనే గొడవ ప్రతి ఇంట్లో వస్తుంది. ఒకరు హైదరాబాద్ నిమ్స్ అంటారు, ఇంకొకరు కార్పొరేట్ అంటారు. వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల పైనే, ఉప్పల్ దాటాక ట్రాఫిక్ వేరే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు అయితే ప్రతి నిమిషం గుండె కండరం కొంచెం కొంచెం చచ్చిపోతూ ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇస్తారు, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది. నాళాన్ని బెలూన్‌తో తెరిచే సౌకర్యం (క్యాథ్ ల్యాబ్) ఉన్న హాస్పిటల్ అయితే మనిషి గేటు దాటిన 90 నిమిషాల్లో నాళం తెరుచుకోవాలనేది డాక్టర్లు పెట్టుకునే లెక్క. అందుకని ముందు దగ్గర్లో ఈసీజీ తీసి, ఆ ఇంజెక్షన్ ఇవ్వగలిగిన చోటికి వెళ్లండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, నర్సంపేటల్లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ఈసీజీ కోసమే భూపాలపల్లి నుంచి వరంగల్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తాల్సిన పని లేదు. అక్కడ ఈసీజీ చూశాక రెండు ప్రశ్నలు అడగండి: "ఇది నాళం పూర్తిగా మూసుకుపోయినదా? గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇక్కడే ఇస్తారా, లేక క్యాథ్ ల్యాబ్ ఉన్నచోటికి పంపిస్తారా?" పంపిస్తే ఈసీజీ కాగితం, ఇచ్చిన మందుల చీటీ, ఇచ్చిన టైంతో సహా చేతిలో ఉండాలి. ఇంజెక్షన్ ఇచ్చాక మనిషి తేరుకున్నా సరే, సాధారణంగా 24 గంటల లోపు యాంజియోగ్రామ్ (గుండె నాళాల ఫొటోలు తీసే పరీక్ష) చేస్తారు, కాబట్టి నొప్పి తగ్గింది కదా అని అక్కడి నుంచి ఇంటికి తీసుకుపోవద్దు.

నోట్‌బుక్, ఫైలు

అడ్మిషన్ కాగానే బయట షాపులో ఒక నోట్‌బుక్, ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. మొదటి పేజీలో ఇవి రాయాలి: నొప్పి ఎన్నింటికి మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎన్నింటికి ఏ మందు పడింది, ఇంతకుముందు బీపీ షుగర్ ఎప్పటి నుంచి, రోజూ వేసుకునే గోలీలు, ఏ మందు పడదు, బీడీ సిగరెట్ గుట్కా ఎన్నేళ్లుగా, ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా. క్యాజువాలిటీ డాక్టర్, ఐసీయూ డాక్టర్, గుండె డాక్టర్, నర్సు అందరూ ఇవే ప్రశ్నలు వేస్తారు, ఒక్కొక్కరికి ఇంట్లోవాళ్లు ఒక్కో జవాబు చెప్తారు, నొప్పి పొద్దున్నుంచి అని ఒకరు, రాత్రి నుంచి అని ఇంకొకరు. ఆ తేడా చిన్నది కాదు, ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ టైం మీదే ఆధారపడుతుంది.

గోలీల పేర్లు గుర్తుపెట్టుకునే పని పెట్టుకోవద్దు, ఇంటి దగ్గర ఉన్నవాళ్లను డబ్బాలో ఉన్న స్ట్రిప్పులన్నీ కవర్‌లో వేసి పంపమనండి. అందులో ఆయుర్వేదం పొడి, మోకాళ్ల నొప్పుల గోలీ, ఎవరో ఇచ్చిన పేరు లేని మాత్రలు ఉంటే అవి కూడా.

బయటి నుంచి మందులు తెమ్మని చీటీ ఇస్తే చీటీ ఫొటో, బిల్లు ఫొటో తీసుకుని బిల్లు ఫైల్లో పెట్టండి. వాడకుండా మిగిలినవి డిశ్చార్జి ముందు వెనక్కి ఇవ్వొచ్చు, బిల్లు లేకపోతే షాపువాళ్లు తీసుకోరు.

డబ్బుల సంగతి మొదటి రోజే

ప్రాణం మీద ఉన్నప్పుడు డబ్బులేంది అనిపిస్తుంది కానీ మొదటి రోజు అడగకపోతే మూడో రోజు ఏడవాల్సి వస్తుంది. ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకచోట: హాస్పిటల్ బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉన్నంత మాత్రాన గుండె విభాగానికి కూడా ఉన్నట్టు కాదు, కొన్ని చోట్ల ఎముకలకో కిడ్నీకో మాత్రమే ఉంటుంది. రిసెప్షన్‌లో అడగొద్దు, హాస్పిటల్లోనే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, అక్కడికి పోయి "గుండెకు ఉందా, స్టెంట్ (నాళం తెరిచి ఉంచే సన్నటి జాలి గొట్టం) వేస్తే పూర్తిగా వస్తుందా, వట్టి యాంజియోగ్రామ్‌తో ఆపేస్తే దానికి మేం కట్టాలా" అని అడిగి జవాబు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎమర్జెన్సీ అయితే ముందు ఫోన్ మీద అనుమతి తీసుకుని తర్వాత కాగితాలు పెట్టే వీలు కూడా ఉంది. పథకం కింద చేసే పనికి పైన డబ్బులు అడిగితే 104కు ఫోన్ చేయొచ్చు. ఫోన్ చేస్తానని మర్యాదగా చెప్తేనే కొన్నిసార్లు పని అయిపోతుంది, అది మా చిన్నాయన దగ్గర చూశాను, హాస్పిటల్ పేరెందుకు లెండి.

ఉద్యోగి అయితే ఈహెచ్ఎస్, ఈఎస్ఐ లాంటి వైద్య పథకాలు, సింగరేణి వాళ్లయితే కంపెనీ రిఫరల్, వీటికి ముందుగా కాగితం ఉండాలి లేదా ఎమర్జెన్సీ అని రాయించాలి. సొంత ఇన్సూరెన్స్ ఉంటే చేరిన 24 గంటల్లో కంపెనీకి చెప్పాలి. రూం అద్దెకు పరిమితి ఉన్న పాలసీ అయితే, ఏసీ సింగిల్ రూం ఖాళీగా ఉందన్నారని తీసుకుంటే రూం తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు లాంటి మిగతా ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పెడతారు. నగదు రహిత అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో కంపెనీలకు రూలు పెట్టింది. సాయంత్రం దాకా కూర్చోబెడితే ఆ మాట గుర్తుచేయండి.

ఏదీ లేక సొంత డబ్బులు కట్టినవాళ్లు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ జాగ్రత్త చేసుకుని ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు. పూర్తిగా రాదు, ఎంతో కొంత వస్తుంది.

ఐసీయూ బయట

లోపలికి ఒక్కరినే పంపిస్తారు, రోజుకు ఒకటి రెండుసార్లు. ఆ పాస్ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి, పెద్దకొడుకు కాబట్టి పెద్దన్నకే అని కాదు, ఎవరికి కంగారు తక్కువో, ఎవరు డాక్టర్ చెప్పింది అట్లాగే తిరిగి చెప్పగలరో వాళ్లకు. డాక్టర్ రౌండ్స్ టైం నర్సును అడిగి తెలుసుకుని ఆ టైంకు అక్కడే ఉండండి, టీకి పోవద్దు. అడగాల్సినవి రాత్రే రాసుకోవాలి, ఎందుకంటే డాక్టర్ ఎదురుగా నిలబడగానే అన్నీ మర్చిపోతాం, పైగా ఆయన ఇచ్చేది రెండు నిమిషాలు. నేనైతే ఇవి అడుగుతాను: ట్రోపోనిన్ ఎంత వచ్చింది, రెండోసారి చేశారా, ఈసీజీలో మార్పు ఉందా, ఎకోలో (గుండె స్కానింగ్‌లో) గుండె కొట్టుకునే బలం ఎంత, కిడ్నీ ఎట్లా ఉంది, రేపటికి ఏం అనుకుంటున్నారు.

ట్రోపోనిన్ అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం. నొప్పి మొదలైన వెంటనే తీస్తే పెరగకపోవచ్చు, అందుకే కొన్ని గంటల తేడాతో మళ్లీ తీస్తారు, డబ్బుల కోసం రెండోసారి తీస్తున్నారని గొడవ పెట్టుకోవద్దు. ఇంకొకటి, ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. అది 45 అని రాగానే గుండె సగం కూడా పనిచేయట్లేదని ఇంటి ఆడవాళ్లు శోకాలు పెట్టడం నేను చూశాను. దిట్టంగా ఉన్న మనిషికే అది 55 నుంచి 70 మధ్య ఉంటుంది, 100 ఎవరికీ ఉండదు. 45 అంటే కొంచెం తగ్గింది, 30 అంటే జాగ్రత్త పడాల్సింది, మందులతో కొన్ని నెలల్లో పెరిగేవాళ్లు కూడా ఉంటారు.

లోపల మానిటర్ కుయ్ కుయ్ అంటే ప్రతిసారీ ప్రమాదం కాదు, ఛాతీ మీద అంటించినవి ఊడినా, వేలికి పెట్టిన క్లిప్పు జారినా అరుస్తుంది. నర్సు ముఖం చూడండి, ఆమె నిదానంగా ఉంటే మీరూ నిదానంగా ఉండొచ్చు. పొట్ట మీద నల్లగా కమిలినట్టు మచ్చలు కనిపిస్తే అవి రక్తం పల్చబడే ఇంజెక్షన్లవి, ఎవరూ కొట్టలేదు. కానీ మూత్రంలో ఎర్రగా, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం అయితే వెంటనే చెప్పాలి.

పెద్దవాళ్లు ఐసీయూలో రాత్రిపూట తికమక పడతారు. పగలూ రాత్రీ ఒకే లైటు, నిద్ర ఉండదు, చుట్టూ తెలియని మొహాలు. ఉన్నట్టుండి "బర్లకు నీళ్లు పెట్టిన్రా" అని అడగడం, సెలైన్ పీకేయడం, నర్సును తిట్టడం జరుగుతుంది. మతి పోయిందని భయపడొద్దు, చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, డాక్టర్‌కు మాత్రం చెప్పండి. కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ లోపలికి పంపించండి, వెళ్లినప్పుడల్లా ఇవాళ ఏ వారం, టైం ఎంత, ఇంటి దగ్గర ఏం జరుగుతోందో చెప్పండి. మలబద్ధకం సంగతి మగవాళ్లు నోరు తెరిచి చెప్పరు, బెడ్ మీద కూర్చుని పోవడానికి సిగ్గుపడి ఆపుకుంటారు. ముక్కడం గుండెకు మంచిది కాదు, మీరే నర్సును అడిగి మెత్తబడే మందు ఇప్పించండి.

చూడటానికి వచ్చే జనం. మన దగ్గర ఊరు ఊరంతా ఆటో కట్టించుకుని వస్తుంది, ప్రేమతోనే వస్తారు, కానీ వచ్చినవాళ్లు మంచం పక్కన నిలబడి "మా మేనమామకు కూడా గిట్లనే అయ్యి పోయిండు" అంటారు. అందుకని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పొద్దున ఒక మెసేజ్, సాయంత్రం ఒక మెసేజ్ పెట్టే పని ఒకరికి అప్పగించండి, మిగతావాళ్లంతా ఆ ఒక్కరికే ఫోన్ చేయాలి. వచ్చినవాళ్లు తెచ్చే కొబ్బరి బొండాలు కూడా డాక్టర్‌ను అడిగే ఇవ్వండి, అందులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ తేడాగా ఉన్నవాళ్లకు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్లకు అది ఎక్కువైతే ఇబ్బంది. తొక్కులు, కారప్పూస, సకినాలు ఇంటికే వాపస్ పంపండి.

అమ్మను చూసుకోండి. బాపు లోపల ఉంటే అమ్మ బయట కుర్చీలో తిండి లేకుండా, తన షుగర్ గోలీ వేసుకోకుండా కూర్చుంటుంది, రెండో పేషెంట్ అక్కడే తయారవుతుంది. రాత్రి ఆమెను ఇంటికి పంపించి మీరు ఉండండి. ఒక దుప్పటి, ఫ్లాస్కు, పొడుగు వైరు చార్జర్, చిల్లర డబ్బులు, ఇంతే సామాను.

క్యాథ్ ల్యాబ్ తలుపు దగ్గర

యాంజియోగ్రామ్ అంటే ఆపరేషన్ కాదు, మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో సన్నటి గొట్టం పంపించి రంగు మందు వేసి నాళాల ఫొటోలు తీస్తారు, మనిషికి తెలివి ఉంటుంది, రంగు వెళ్లేటప్పుడు ఒళ్లు వేడెక్కినట్టు అనిపిస్తుంది. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూశారా అని అడగండి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, ఇంతకుముందు స్కానింగ్ మందు పడకపోయినా, ఆస్తమా ఉన్నా చెప్పండి. గజ్జల్లో చేస్తే తర్వాత కొన్ని గంటలు ఆ కాలు మడవకుండా పడుకోవాలి. ఆ రోజు మీ పని ఆయన కాలు కదపకుండా చూడటమే.

అసలు కష్టం సగంలో వస్తుంది. మనిషి ఇంకా టేబుల్ మీద ఉండగానే డాక్టర్ బయటికి వచ్చి, కంప్యూటర్‌లో చూపించి, రెండు బ్లాకులున్నాయి, ఒకటి 90 శాతం, స్టెంట్ వేయమంటారా, ఐదు నిమిషాల్లో చెప్పండి అంటారు. అందరి కాళ్లూ చల్లబడతాయి. దీనికి ముందు రోజే సిద్ధం కావాలి, రెండు బ్లాకులుంటే ఏం చేద్దాం, మూడుంటే ఏం చేద్దాం, డబ్బు ఎంతవరకు అని ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి. ఆ నిమిషంలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "ఇది ఇప్పుడే చేయకపోతే ప్రాణానికి ప్రమాదమా, లేక రెండు రోజులు ఆలోచించుకునే టైం ఉందా?" గుండెపోటు తెచ్చిన నాళం అదే అయితే అప్పుడే తెరవడం మంచిది, అక్కడ బేరాలు వద్దు. గుండెపోటు లేకుండా, నొప్పి లేకుండా, నిదానంగా ఉన్న మనిషికి పక్క నాళంలో 60, 70 శాతం అని చెప్తే టైం ఉంటుంది, సీడీ తీసుకుని ఇంకో గుండె డాక్టర్‌కు చూపించొచ్చు. మూడు నాళాల్లోనూ ఉండి షుగర్ కూడా ఉంటే బైపాస్ మేలని చాలాసార్లు చెప్తారు, స్టెంట్లే ఎందుకు అని అడిగే హక్కు మీకుంది. రెండో అభిప్రాయం అంటే డాక్టర్‌ను అవమానించడం కాదు, మంచి డాక్టర్లు కోపగించుకోరు.

స్టెంట్ ధర గురించి మొహమాటపడొద్దు. 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది, అప్పట్లో మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు, తర్వాత కొంత పెరిగింది, లక్ష రూపాయల స్టెంట్, ఫారిన్ స్టెంట్ అనే మాటలకు అప్పటితోనే కాలం చెల్లింది. బిల్లులో స్టెంట్ ధర వేరుగా, కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్‌తో రాయాలి. డబ్బా మీద స్టిక్కర్ ఫైల్లో అంటించమనండి. మొత్తం ప్యాకేజీలో డాక్టర్ ఫీజు, క్యాథ్ ల్యాబ్, బెలూన్, వైర్లు ఇవన్నీ వేరేగా ఉంటాయి కాబట్టి స్టెంట్ ధర చూసి మొత్తం ఖర్చు అంతే అనుకోవద్దు.

కాగితం ఏదైనా సంతకం పెట్టే ముందు చదవండి, తెలుగులో లేకపోతే చదివి చెప్పమనండి. మధ్యలో వేరే చోటికి తీసుకుపోవాలనుకుంటే రాయించుకునే కాగితంలో డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నాం అని ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్లు దాన్ని పట్టుకుని అడ్డం తిరిగే అవకాశం ఉంది. కుదిరినంత వరకు రిఫరల్ రాయించుకుని అంబులెన్స్‌లో పోవడమే మేలు.

గుండెపోటు కాదని చెప్తే

చాలామందికి ఇదే జరుగుతుంది, ఒక రోజు ఉంచి ఏం లేదు, గ్యాస్, టెన్షన్ అని పంపించేస్తారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని, ఉత్తగా వేల రూపాయలు పెట్టించారని హాస్పిటల్‌ను తిట్టుకుంటారు. నాకు ఆ తిట్టు న్యాయంగా అనిపించదు, కాదని తేల్చడానికే ఆ ఒక రోజు కావాలి. కానీ వచ్చే ముందు అడగండి: ట్రోపోనిన్ రెండుసార్లూ మామూలుగా వచ్చిందా, ఎకో చేశారా, ట్రెడ్‌మిల్ పరీక్ష ఎప్పుడు చేయించాలి. ట్రోపోనిన్ మామూలుగా ఉండి కూడా నాళం సన్నబడి నొప్పి వచ్చే స్థితి ఒకటుంది. గుండెపోటు కాలేదు అంటే గుండె జబ్బు లేదని కాదు. నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పి ఉంటే ఏం లేదన్న మాటతో సరిపెట్టుకోవద్దు. నిజంగా ఏమీ లేకపోయినా, ఆ రోజు రక్త పరీక్షల్లో బయటపడ్డ షుగర్, కొలెస్ట్రాల్ సంగతి అక్కడే వదిలేసి రావొద్దు, ఆ కాగితం పట్టుకుని వారంలో ఒక ఫిజీషియన్‌ను కలవండి.

డిశ్చార్జి, ఇంటికి

డిశ్చార్జి అనగానే అందరికీ తొందర. బిల్లు కట్టేదాకా ఒక గంట ఉంటుంది, ఆ గంటలో నర్సు దగ్గర కూర్చుని ఒక్కో గోలీ ఎందుకు, ఎప్పుడు, ఎన్ని రోజులు అని నోట్‌బుక్‌లో రాసుకోండి, స్ట్రిప్పు మీద పెన్నుతో పొద్దున, రాత్రి అని రాయండి. డిశ్చార్జి సమ్మరీ, యాంజియో సీడీ, ఎకో రిపోర్టు, ఈసీజీలు, స్టెంట్ స్టిక్కర్, బిల్లులు అన్నీ ఉన్నాయా చూసుకోండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకు వృత్తి నియమం ఉంది. అన్నీ ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

స్టెంట్ వేశాక రక్తం పల్చబడే గోలీలు రెండు రకాలు ఇస్తారు, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ లాంటిది, గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది పాటు. ఇవి ఒక్క పూట కూడా ఆపొద్దు. బాగానే ఉన్నా కదా అని ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు వస్తుంది, అది మొదటిదానికంటే ప్రమాదం. పన్ను పీకాలని దంత వైద్యుడు ఆపమన్నా గుండె డాక్టర్‌కు ఫోన్ చేశాకే ఆపాలి. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు గ్యాస్ అని షాపులో ఒమెప్రజోల్ కొనుక్కుని వేసుకోవద్దు, అది ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది, డాక్టర్ రాసిన గ్యాస్ గోలీ వేరే ఉంటుంది, అదే వాడండి. మోకాళ్ల నొప్పులకు ఆర్ఎంపీ వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇక జీవితంలో వద్దని బాపుకు, ఆర్ఎంపీకి ఇద్దరికీ చెప్పండి. నెల నెలా ఖర్చు భారమైతే జన్ ఔషధి షాపులో అవే మందులు చాలా తక్కువకు దొరుకుతాయి, డాక్టర్‌కు చూపించి మార్చుకోండి.

బీడీ, చుట్ట, గుట్కా, తంబాకు పూర్తిగా బంద్. రోజుకు ఒక్కటే అనేది లేదు. కల్లు చెట్టు నుంచి దింపిందే, మంచిదే అంటారు, నేను ఆ వాదనలోకి దిగను, డాక్టర్ ఒప్పుకునేదాకా అదీ వద్దు. ఉప్పు తగ్గించాలి, పచ్చిపులుసులో, తొక్కులో, రొయ్యల పొడిలో ఉన్న ఉప్పు కూడా ఉప్పే. షాపులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు, బీపీ మందులు వాడేవాళ్లు అడగకుండా వాడొద్దు. జొన్నరొట్టె, కూరగాయలు, పప్పు హాయిగా తినొచ్చు, వేరే వంట చేసి ఆయన్ను విడిగా కూర్చోబెట్టొద్దు, ఇంటిల్లిపాదీ అదే తింటే నడుస్తుంది.

డాక్టర్ చెప్పిన నడక ఇంటి ముందు పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మందు పంపు వీపున వేసుకుని పత్తి చేనుకు పోవడం, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎత్తడం, మోటర్ బాగుచేయడానికి బావిలోకి దిగడం, ఇవి ఎప్పుడు చేయొచ్చో పేరు పెట్టి డాక్టర్‌ను అడగండి, "పని చేసుకోవచ్చా" అని అడిగితే ఆయన ఆఫీసు పని అనుకుని సరే అంటారు. ఐనవోలు మల్లన్నకు, మేడారానికి మొక్కుంటే దేవుడు ఆగుతాడు, ఆ జనంలోకి ఇప్పుడే తీసుకుపోవద్దు.

ఇంటికొచ్చాక చాలామంది మగవాళ్లు చిన్నదానికి ఏడుస్తారు, రాత్రి నిద్రపోకుండా గుండె మీద చేయి పెట్టుకుని కూర్చుంటారు, చిన్న గుచ్చినట్టు అయినా మళ్లీ వచ్చిందంటారు. ధైర్యంగా ఉండు అని కసిరితే తగ్గదు. కొన్ని వారాలకూ తగ్గకపోతే అది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన విషయమే, దానికీ మందు ఉంది. డాక్టర్ రాసిన సార్బిట్రేట్ ఉంటే ఎక్కడ పెట్టారో ఇంట్లో అందరికీ తెలియాలి. నొప్పి వస్తే కూర్చోబెట్టి నాలుక కింద ఒకటి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108.

మొదటి రివ్యూకు పోయేటప్పుడు ఖాళీ అయిన స్ట్రిప్పులతో సహా మందులన్నీ, ఇంట్లో చూసిన బీపీ, షుగర్ లెక్కలు, ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఫైలు ముందు రోజు రాత్రే బ్యాగులో పెట్టుకోండి, రక్త పరీక్షకు పరగడుపున రమ్మన్నారా తిని రమ్మన్నారా ఫోన్ చేసి కనుక్కోండి, లేకపోతే మళ్లీ ఇంకోరోజు రమ్మంటారు.